ఉప్పు, బెల్లం, నీళ్ళు: డాక్టర్లు కూడా కొత్తగా నేర్చుకున్న వైద్యం

'లంఖణం పరమౌషధం' అనే మాట వినని తెలుగువారు ఉండరు. అజీర్తి చేసినప్పుడు పెద్దవాళ్ళు ఒక పూట పస్తుంటే వచ్చే నష్టమేమీ లేదు. కాని నీళ్ళ విరేచనాలతో వాడిపోతున్న పసిబిడ్డకు కూడా ఇదే సూత్రం వర్తింపజేసి, 'నీళ్ళు పోస్తే ఇంకా పోతాయి' అంటూ గుక్కెడు నీళ్ళయినా ఇవ్వకుండా ఆపటం మన ఊళ్ళలో చాలాకాలం సాగింది. చదువులేని తల్లుల అజ్ఞానమే దీనికి కారణమని సులువుగా తేల్చేస్తాం. నిజానికి జబ్బుచేసిన పేగుకు విశ్రాంతి ఇవ్వాలన్న మాట వైద్య కళాశాలల్లో కూడా పాఠంగా నడిచింది. ఆ పాఠం తప్పని తేలటానికి ఒక శతాబ్దం పైగా పట్టింది. తప్పని తేలాక దాన్ని డాక్టర్ల చేత, తల్లుల చేత మాన్పించటానికి మరికొన్ని దశాబ్దాలు పట్టాయి. ఆ పని ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఈ రోజు మందుల దుకాణంలో కొన్ని రూపాయలకు దొరికే ఓఆర్ఎస్ పొట్లం వెనుక ఉన్న చరిత్ర అది. దీనిలో సగం ప్రయోగశాలల కథ. మిగతా సగం, నా దృష్టిలో మరింత ఆసక్తికరమైన సగం, తెలిసిన విషయాన్ని మనుషుల చేత చేయించటం ఎంత కష్టమో చెప్పే కథ.

రక్తంలో తగ్గిన ఉప్పు

కలరాను తెలంగాణ పల్లెల్లో గత్తర అనేవారు. ఉదయం ఆరోగ్యంగా పొలానికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి కళ్ళు లోతుకుపోయి, చర్మం ముడతలు పడి, నాడి అందకుండా ప్రాణం వదిలేవాడు. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు నీరు కూడా శరీరం నుంచి బయటికి పోవచ్చు. శరీరం బరువులో పదో వంతు నీరు పోతే ప్రాణాపాయం.

ఆ పోయేది ఏమిటో మొదట లెక్కగట్టి చూసినవాడు విలియం ఓషానెసీ అనే యువ వైద్యుడు. 1831 చివర్లో ఇంగ్లండులోని సండర్లాండులో కలరా చెలరేగినప్పుడు అతడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు బాగా తగ్గిపోయాయనీ, పోయినవాటిని తిరిగి చేర్చటమే సరైన చికిత్స అనీ రాశాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కలకత్తా వచ్చి మన దేశంలో తంతి తపాలాకు పునాది వేసినది కూడా ఈయనే. 1832లో స్కాట్లండులో థామస్ లాటా అనే డాక్టరు ఈ మాటను ఆచరణలో పెట్టాడు. చావుబతుకుల్లో ఉన్న ఒక వృద్ధురాలి రక్తనాళంలోకి ఉప్పు నీరు ఎక్కించాడు. ఆమె తేరుకుంది. ఆమెను ఆసుపత్రి వైద్యునికి అప్పగించి లాటా వెళ్ళిపోయాడు. విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి, నీరు మళ్ళీ ఎక్కించేవారు లేరు. కొద్ది గంటల్లో ఆమె చనిపోయింది. నీరు ఒకసారి ఇస్తే సరిపోదు, పోతున్నంతసేపూ ఇస్తూనే ఉండాలి. ఈ చిన్న విషయం తర్వాత 130 ఏళ్ళకు మళ్ళీ కీలకమవుతుంది.

సూక్ష్మజీవుల సంగతి తెలియని ఆ రోజుల్లో శుభ్రంలేని సూదులు, శుభ్రంలేని నీరు ప్రాణాల మీదికి తెచ్చేవి. పద్ధతి మూలబడింది. 20వ శతాబ్దం తొలి దశకంలో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ గాఢమైన లవణ ద్రావణంతో దీన్ని బతికించి మరణాలను బాగా తగ్గించాడు. అయితే సెలైను ఎక్కించాలంటే శుద్ధిచేసిన నీరు కావాలి, సీసాలు కావాలి, నరం పట్టగల చేయి కావాలి. కలరా వచ్చేది ఈ మూడూ లేనిచోటనే.

పేగు చెడిపోలేదు

అలాంటప్పుడు నీటిని నోటిద్వారా ఎందుకు ఇవ్వకూడదు? ఇవ్వకపోవటానికి ఒక 'శాస్త్రీయ' కారణం చెప్పేవారు. కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందనీ, అలాంటి పేగు దేన్నీ పీల్చుకోలేదనీ 19వ శతాబ్దపు శవపరీక్షల ఆధారంగా ఒక నమ్మకం స్థిరపడింది. చనిపోయాక పేగుపొర దానంతట అదే శిథిలమవుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. 1960 ప్రాంతంలో బ్యాంకాక్‌లో యూజీన్ గంగరోసా బతికివున్న కలరా రోగుల పేగునుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. పొర చెక్కుచెదరకుండా ఉంది.

మరి నీరు ఎందుకు కారిపోతున్నది? ఈ ప్రశ్నకు కలకత్తాలో అప్పటికే జవాబు దొరికింది. కుందేలు పేగును రెండుచోట్ల దారంతో ముడివేసి, మధ్యభాగంలోకి కలరా క్రిములను ఎక్కించి పరిశీలించే పద్ధతిని శంభునాథ్ దే రూపొందించాడు. 1959లో ఆయన క్రిములను వడగట్టేసి మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించాడు. అయినా పేగు నీటితో ఉబ్బింది. అంటే క్రిమి పేగును కొరకటం లేదు, ఒక విషపదార్థాన్ని విడుదల చేస్తున్నది. ఆ విషం పేగు కణాల్లో లవణాలను బయటికి తోసే యంత్రాంగాన్ని ఆగకుండా నడిపిస్తుంది. లవణాల వెంట నీరు పోతుంది. కుళాయి విరగలేదు, కట్టేయటం కుదరకుండా తెరిచి ఉంది, అంతే. వైద్య చరిత్రలో ఇంత పెద్ద మలుపు తిప్పిన దేకు బతికివుండగా స్వదేశంలో దక్కవలసిన గౌరవం దక్కలేదు.

1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త మరో ముక్క అందించాడు. పేగు కణం గోడలో సోడియంనూ గ్లూకోజునూ జంటగా లోపలికి లాక్కునే ద్వారం ఒకటి ఉందన్నాడు. గ్లూకోజు లేకపోతే ఆ ద్వారం సోడియంను రానివ్వదు, సోడియం లేకపోతే గ్లూకోజును రానివ్వదు. రెండూ కలిసి వెళితే వాటి వెంట నీరు కూడా వెళుతుంది. అసలు విశేషం ఏమిటంటే, కలరా విషం ఈ ద్వారాన్ని తాకదు. ఉత్త నీళ్ళు తాగిస్తే ఎందుకు నిలవవో, ఉప్పూ చక్కెరా తగు పాళ్ళలో కలిపితే ఎందుకు నిలుస్తాయో దీనితో తెలిసిపోతుంది. రెండో దానికి నీటిని లోపలికి తీసుకుపోయే తోడు ఉంది.

నిజానికి ఈ సిద్ధాంతాలేవీ లేకుండానే ఒక కలకత్తా డాక్టరు ముందే ఈ పని చేశాడు. హేమేంద్రనాథ్ చటర్జీ 186 మంది రోగులకు నోటిద్వారా ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు ఇచ్చి నయం చేసిన విషయాన్ని 1953లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించాడు. ఆ నీటితోబాటు వాంతులు ఆపే మందు, ఒక ఆకు పసరు కూడా వాడాడు. పోల్చి చూడటానికి వేరే రోగుల బృందం లేదు, శరీరంలోకి ఎంత నీరు పోయింది, ఎంత బయటికి వచ్చింది అన్న లెక్కలు లేవు. ప్రపంచం పట్టించుకోలేదు. శాస్త్రంలో రుజువు పద్ధతికి ఉన్న విలువను తక్కువ చేయలేం, కాని మధ్యలో పోయిన పదిహేనేళ్ళను తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ లెక్కలు ఢాకాలో తేలాయి. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో 1960లో కలరా పరిశోధనశాల ఒకటి ఏర్పడింది. అక్కడ రోగులను నడుమ రంధ్రం ఉన్న మంచాల మీద పడుకోబెట్టేవారు, కింద కొలతలున్న బకెట్ ఉండేది. డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ వైద్యులు బకెట్లో ఎంత పడితే అంత ద్రావణాన్ని తాగించటం మొదలుపెట్టారు. లాటా నాడు వదిలేసిన కొస ఇదే. రఫీకుల్ ఇస్లాం, మజీద్ మొల్లాలతో కలిసి వారు 1968లో 'లాన్సెట్'లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నోటిద్వారా ఇచ్చిన ద్రావణం వల్ల సెలైను అవసరం సుమారు 80 శాతం తగ్గిపోయింది. అదే కాలంలో కలకత్తాలో నథానియల్ పియర్స్ బృందం కూడా ఇలాంటి ఫలితాలనే రాబట్టింది.

ఇవన్నీ ఆసుపత్రిలో, తర్ఫీదు పొందిన నర్సుల పర్యవేక్షణలో జరిగిన ప్రయోగాలు. బయటి లోకం వీటిని నమ్మలేదు.

బన్‌గావ్, 1971

నమ్మక తప్పని పరిస్థితిని యుద్ధం తెచ్చిపెట్టింది. 1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాటం నడుస్తుండగా సుమారు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. వానలు, గుడారాలు, కిక్కిరిసిన జనం. శిబిరాల్లో కలరా చెలరేగింది. కొన్నిచోట్ల జబ్బుపడినవారిలో 30 శాతం వరకు చనిపోతున్నారు.

సరిహద్దు పట్టణమైన బన్‌గావ్ ఆసుపత్రికి కలకత్తా నుంచి దిలీప్ మహలనబిస్ నాయకత్వంలో ఒక చిన్న బృందం వచ్చింది. రెండు గదులు, వాటి నిండా రోగులు. మంచాలు చాలక నేలమీద పడుకోబెట్టారు. ఆ నేలంతా వాంతులు, విరేచనాలు. సెలైను ఎక్కించాలంటే అందులోనే మోకాళ్ళమీద కూర్చోవాలి. అలా కూర్చుని ఎక్కిద్దామన్నా రెండు వారాలు తిరక్కుండానే సెలైను సీసాలు అయిపోవచ్చాయి.

మహలనబిస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. కలకత్తాలోని తమ పరిశోధన కేంద్రంలో ఒక గదిని ఖాళీచేయించి లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున తూకం వేయించారు. పాలిథిన్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి బన్‌గావ్‌కు పంపించారు. అక్కడ పెద్ద డ్రమ్ముల్లో నీటితో కలిపి, డ్రమ్ములకు కుళాయిలు బిగించారు. రోగి వెంట వచ్చిన తల్లో, అన్నో, చెల్లెలో గ్లాసుతో పట్టుకెళ్ళి తాగించారు. డాక్టరు పని, నర్సు పని ఇంటి మనిషి చేతిలోకి వచ్చింది. శాస్త్రపరంగా చూస్తే ఇది సాహసం. డాక్టరు నిఘా లేకుండా ఇంత పెద్ద ఎత్తున ఈ చికిత్స అంతవరకు ఎక్కడా జరగలేదు.

సుమారు ఎనిమిది వారాల్లో వారు 3,700 మందికి పైగా రోగులను చూశారు. మరణాలు 3.6 శాతం. ద్రావణం తయారుచేసే విధానాన్ని కరపత్రాలుగా అచ్చువేసి సరిహద్దు పొడవునా పంచారు. విముక్తి పోరాటం నడుపుతున్న రహస్య రేడియోలో కూడా ఈ విధానాన్ని చదివి వినిపించారు. ఓఆర్ఎస్ గురించి జరిగిన మొట్టమొదటి ప్రజా ప్రచారం ఇదే అనవచ్చు.

బన్‌గావ్‌కు వచ్చి స్వయంగా చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమాన్ బారువా ఈ పద్ధతికి ఆ సంస్థలో గట్టి మద్దతుదారు అయ్యారు. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార వ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పాతికేళ్ళ కింద చటర్జీ వ్యాసాన్ని అచ్చువేసి ఊరుకున్న 'లాన్సెట్', అదే ఏడు తన సంపాదకీయంలో ఇది ఈ శతాబ్దపు వైద్య ఆవిష్కరణలన్నిటిలోకీ ముఖ్యమైనది కాగలదని రాసింది. మహలనబిస్ 2022 అక్టోబరులో మరణించారు. పద్మవిభూషణ్ ప్రకటన 2023లో, ఆయన పోయాక వచ్చింది.

మూడు వేళ్ళ చిటికెడు

ఇక కథలో రెండో సగం. సూత్రం దొరికింది, కోట్ల ఇళ్ళకు చేరేదెలా?

స్వతంత్ర బంగ్లాదేశ్‌లో ఫజలే హసన్ అబేద్ స్థాపించిన 'బ్రాక్' అనే స్వచ్ఛంద సంస్థ 1979లో సుల్లా ప్రాంతపు పల్లెల్లో ప్రయోగం మొదలుపెట్టి, 1980 నుంచి పదేళ్ళపాటు దేశమంతా ఇల్లిల్లూ తిరిగింది. దేశానికంతటికీ సరిపడా పొట్లాలు తయారుచేసి మారుమూలలకు చేర్చే శక్తి అప్పుడు ఆ దేశానికి లేదు. కనుక ఇంట్లో దొరికే వాటితోనే చేయించాలనుకున్నారు. అర సేరు నీటిలో మూడు వేళ్ళతో పట్టినంత ఉప్పు, ఒక పిడికెడు బెల్లం. బెంగాలీలో దీనిని 'లోబన్-గుర్' ద్రావణం అన్నారు.

ఇక్కడ ఒక పక్కమాట. ఆరోగ్య విషయాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు 'చిటికెడు' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. మన చిటికెడు రెండు వేళ్ళదా, మూడు వేళ్ళదా? వంటలో అయితే ఎలాగైనా సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. ఉప్పు తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి బిడ్డకు మూర్ఛ రావచ్చు. బ్రాక్ వారికీ ఇదే భయం ఉండేది. అందుకని ఏ మూడు వేళ్ళు, ఏ గణుపు దాకా అన్నది చేసి చూపించేవారు. ఇంట్లో ఉన్న గిన్నెకే అర సేరు దగ్గర గీత పెట్టి ఇచ్చేవారు. తల్లులు కలిపిన ద్రావణాన్ని సీసాల్లో పట్టుకెళ్ళి ప్రయోగశాలలో లవణాల శాతం పరీక్షించేవారు.

జీతం పద్ధతి మరీ చమత్కారంగా ఉంది. ఎన్ని ఇళ్ళు తిరిగారన్న దాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత వేరొకరు వచ్చి ఆ తల్లులలో కొందరిని ఎంపికచేసి, చెప్పిన అంశాలు ఎన్ని గుర్తున్నాయో అడిగేవారు, ద్రావణం కలిపి చూపమనేవారు. తల్లికి వచ్చిన మార్కులను బట్టి కార్యకర్తకు జీతం. విద్యార్థి మార్కులను బట్టి ఉపాధ్యాయుడికి జీతమిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మార్కులు బాగానే వచ్చాయి. ద్రావణం చక్కగా కలుపుతున్నారు. కాని మొదటి దఫా సర్వేలో తేలింది మరొకటి. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు దానిని నిజంగా వాడుతున్నది పది శాతం కూడా లేదు.

కారణాలు వెతికితే మొదట బయటపడింది మాటల చిక్కు. డాక్టర్లకు విరేచనాలన్నీ ఒకటే. పల్లె తల్లి దృష్టిలో అవి నాలుగు రకాలు: చంటిబిడ్డకు పాలు పడక అయ్యేవి, అజీర్తివి, జిగటవి, కలరాలాంటి ఉధృతమైన నీళ్ళ విరేచనాలు. కార్యకర్తలు వాడిన 'డైరియా' అన్న మాటకు వారి వాడుకలో అర్థం చివరిది మాత్రమే. దానికే మందు వాడారు, మిగతా మూడింటికీ ఇది పనికిరాదనుకున్నారు. మనకూ నీళ్ళ విరేచనాలు, జిగట విరేచనాలు, రక్త విరేచనాలు అని విడివిడిగా మాటలున్నాయి. కరపత్రంలో గంభీరంగా 'అతిసార వ్యాధి' అని రాస్తే చదివిన తల్లి తన బిడ్డకు వచ్చింది అదేనని గుర్తుపడుతుందా అన్నది ఆలోచించవలసిన విషయం. బ్రాక్ తన పాఠాన్ని మార్చి నాలుగు పేర్లూ చెప్పటం మొదలుపెట్టింది.

రెండో కారణం ఇంకా ఇబ్బందికరమైనది. కార్యకర్తలలో చాలామంది తమకు విరేచనాలు పట్టుకుంటే మాత్రలు మింగుతున్నారు, తాము ఊరూరా నేర్పే ఉప్పు-బెల్లం నీరు తాగటం లేదు. వారికే నమ్మకం లేదు. నమ్మకం లేని గొంతు వినేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. అప్పుడు కార్యకర్తలను కలరా ఆసుపత్రికి తీసుకెళ్ళి, నాడి అందని స్థితిలో వచ్చినవాళ్ళు ఎలా లేచి కూర్చుంటున్నారో చూపించారు. పేగు ఎలా పనిచేస్తుందో వివరించారు. తల్లుల ఎదుట కలిపిన ద్రావణాన్ని ముందుగా కార్యకర్త ఒక గుక్క తాగాలన్న నియమం పెట్టారు.

మూడోది, ఇంట్లో మగవాళ్ళను వదిలేయటం. మందుకు డబ్బు తీసేది, డాక్టరు దగ్గరికి పోవాలో వద్దో చెప్పేది వారు. సంతల్లో, బడుల్లో, మసీదుల దగ్గర వారితో వేరుగా సమావేశాలు పెట్టారు. రేడియో, టెలివిజన్ తర్వాత తోడయ్యాయి. 1990 నాటికి సుమారు 1 కోటి 20 లక్షల ఇళ్ళకు ఈ పాఠం ముఖాముఖిగా అందింది. తర్వాతి కాలంలో బంగ్లాదేశ్‌లో విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి ఓఆర్ఎస్ అందుతున్నదని అక్కడి సర్వేలు చూపాయి. ప్రపంచంలో ఇది అత్యధిక స్థాయిల్లో ఒకటి.

డాక్టర్ల బడి

తల్లులకు నేర్పటం కష్టమే, కాని ఒక విధంగా వారి చేతిలో అప్పటికి వేరే ఆయుధం లేదు. డాక్టరు చేతిలో సెలైను ఉంది, యాంటీబయాటిక్ ఉంది, విరేచనాలు కట్టేసే మాత్ర ఉంది. ఉప్పు-చక్కెర నీరు ఆయన కంటికి వైద్యంలాగా కనిపించలేదు. వైద్యం ఎంత సులువైతే దాని మీద గౌరవం అంత తగ్గుతుంది. ఇంట్లో చేసుకునే దానికి ఫీజు ఇచ్చేదెవరు? పైగా ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు, పోయిన నీటిని మాత్రం భర్తీ చేస్తుంది. విరేచనాలు దాదాపు అంతే సాగుతుంటే 'ఏం మందిచ్చావు' అని తల్లి అడుగుతుంది.

విరేచనాలు ఆపే మందులు ఏం చేస్తాయో 1990 ప్రాంతంలో పాకిస్తాన్‌లో తేలింది. లోపెరమైడ్ అనే మందును చుక్కల రూపంలో పసిపిల్లలకు వేయగా కొందరికి పేగు కదలిక పూర్తిగా స్తంభించి ప్రాణాలు పోయాయి. పిల్లల కోసం చేసిన ఆ రకం మందును అమ్మకాల నుంచి ఉపసంహరించారు. పిల్లల విరేచనాలకు ఇలాంటి మందులు అక్కరలేదనీ, యాంటీబయాటిక్‌లు రక్త విరేచనాలు, కలరా వంటి కొద్ది సందర్భాల్లోనే అవసరమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడు ఒక పుస్తకమే వేసింది.

అయితే పుస్తకం పంపితే డాక్టర్లు మారతారా? 1980 దశకంలో ఆ సంస్థ వేరే దారి పట్టింది. బోధనాసుపత్రుల్లో అతిసార శిక్షణ కేంద్రాలు పెట్టించింది. మన దేశంలో వైద్య కళాశాలల్లో కూడా ఇవి వచ్చాయి. వార్డులో ఒక మూల బల్ల, నీళ్ళ కుండ, గ్లాసులు, చెంచాలు, తల్లులు కూర్చోవటానికి చోటు. శిక్షణకు వచ్చిన డాక్టరు ఉపన్యాసం వినటంతో సరిపెట్టుకోడు. బిడ్డ పొట్టమీది చర్మాన్ని పట్టి వదిలి అది ఎంత నెమ్మదిగా వెనక్కి పోతున్నదో చూడాలి. కళ్ళు, దాహం, నీరసం గమనించాలి. అప్పుడు మూడు ప్రణాళికల్లో ఏది వర్తిస్తుందో తేల్చాలి: ఇంటికి పంపటమా, నాలుగు గంటలు దగ్గర ఉంచుకుని చెంచాతో పట్టించటమా, వెంటనే సెలైను ఎక్కించటమా. రెండో రకం బిడ్డకు డాక్టరే చెంచా పట్టుకుని తాగించాలి. నాలుగు గంటల్లో లోతుకుపోయిన కళ్ళు మామూలవటం ఒకసారి కళ్ళారా చూసిన డాక్టరు దానిని మరిచిపోడు. బ్రాక్ కార్యకర్తలకు జరిగినదీ ఇదే కదా.

మన దేశంలో డాక్టర్ల నిరంతర విద్యకు ఒక లెక్క ఉంది. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ అయిదేళ్ళకు 30 గంటలపాటు ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొనాలి. గంటలు లెక్కపెట్టటం సులువు. ఆ గంటల్లో ఏం జరిగిందన్నది ముఖ్యం. కెనడాకు చెందిన డేవ్ డేవిస్ బృందం 1999లో అనేక అధ్యయనాలను కలిపి చూసి, ఉత్త ఉపన్యాసాల వల్ల డాక్టర్ల ఆచరణ మారటం లేదనీ, చర్చ, చేతిపని, సాధన ఉన్న శిక్షణల వల్ల కొంత మార్పు వస్తున్నదనీ చెప్పింది. హోటల్ హాలులో స్లైడ్లు చూపించి భోజనం పెట్టి పంపే సభలకు ఎన్ని గంటల విలువ ఇవ్వాలో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

ఇప్పటి సంగతి

1980 ప్రాంతంలో ప్రపంచంలో ఏటా 45 లక్షలకు పైగా పసిపిల్లలు విరేచనాల వల్ల చనిపోయేవారని అంచనా. ఇప్పుడు అయిదేళ్ళలోపు పిల్లల్లో ఈ మరణాలు 5 లక్షల లోపుకు వచ్చాయి. తాగునీరు, టీకాలు, పోషణ అన్నీ దీనికి తోడ్పడ్డాయి గాని ఓఆర్ఎస్ వాటా పెద్దది. ఈలోగా సూత్రం కూడా మెరుగుపడింది. పాత ద్రావణం కాస్త గాఢమైనదని తేలటంతో 2002లో ఉప్పునూ గ్లూకోజునూ తగ్గించారు. 2004 నుంచి దానితో పాటు 10 నుంచి 14 రోజులు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సిఫారసు చేస్తున్నాయి.

మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో ఓఆర్ఎస్ అందినవారు 2005-06లో 26 శాతం, 2015-16లో 51 శాతం, 2019-21లో 61 శాతం. పెరుగుదల మంచిదే. కాని ద్రావణాన్ని పెద్ద ఎత్తున మొదట పరీక్షించిన దేశంలో, అర్ధ శతాబ్దం గడిచాక కూడా పదిమందిలో నలుగురికి అది అందటం లేదు.

ఎందుకు? దీనిమీద 2024లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కర్ణాటక, బీహార్ పట్టణాల్లో 2,000కు పైగా వైద్యుల దగ్గరికి, బిడ్డకు విరేచనాలంటూ తండ్రుల్లాగా నటించే మనుషులను పంపారు. కొందరు 'ఓఆర్ఎస్ వాడొచ్చా' అని అడిగారు, కొందరు యాంటీబయాటిక్ పేరు చెప్పారు, కొందరు ఏమీ అడగలేదు. కొందరు మందు తాము వేరేచోట కొంటామని ముందే చెప్పారు, అంటే డాక్టరుకు అమ్మకం లాభం లేదు. కొన్నిచోట్ల పొట్లాలు ముందే ఉచితంగా అందించారు. ఓఆర్ఎస్ రాయకపోవటానికి లాభం కారణమైనది 5 శాతం, నిల్వ లేకపోవటం 6 శాతం. 42 శాతానికి కారణం మాత్రం రోగి దానిని కోరుకోడన్న డాక్టరు ఊహ. ఓఆర్ఎస్ మంచిదని డాక్టరుకు తెలుసు. తల్లిదండ్రులకు నచ్చదేమోనని రాయటం లేదు. తల్లిదండ్రులేమో డాక్టరు రాయలేదు గనుక అడగటం లేదు.

అడిగేవారు పెరిగితే మరో చిక్కు వస్తుందని మన హైదరాబాదు అనుభవం చూపించింది. ఓఆర్ఎస్ పేరుకు గిరాకీ రాగానే ఆ అక్షరాలను పేరులో కలుపుకున్న తీపి పానీయాలు డబ్బాల్లో దుకాణాలకు వచ్చాయి. వాటిలో చక్కెర అసలు సూత్రానికి ఎన్నో రెట్లు. గాఢమైన చక్కెర నీరు పేగులోకి శరీరపు నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. వీడియోలు చేశారు, అధికారులకు రాశారు, న్యాయస్థానానికి వెళ్ళారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ, ఆహార పానీయాల పేర్లలో ఎక్కడా ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అంతకుముందు కొన్ని షరతులతో ఇచ్చిన అనుమతులను ఉపసంహరించుకుంది.

కనుక దుకాణంలో కొనేటప్పుడు పేరు కాక వెనుక వైపు చదవండి. లీటరు నీటికి సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు అని ఉండాలి. పెద్ద పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం పొట్లాన్ని గ్లాసుడు నీటిలో వేయటం, పొడిని నోట్లో పోయటం చేయకూడదు. కలిపినది 24 గంటల్లో వాడాలి, మిగిలితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచా చెంచాగా పట్టించాలి. తల్లిపాలు, మామూలు ఆహారం ఆపకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనాల్లో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా తాగగలిగినంత తాగిస్తూనే ఉండాలి.